అత్త తాగేసిన టెంకాయ నీళ్లు

...నిన్న రాస్తూ, అత్త పోయిందనే మాట దగ్గరికి రాగానే ఆపేశాను. అత్త పోయి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. మొరప్పూర్‌లో బస్సు కోసం నిలబడి ఉండగా గుండె ఆగి పడిపోయిందని ఫోనొచ్చింది.

ఎప్పుడైనా ఇది చదివేవాళ్లకు ఆమె ఎవరో తెలియాలి. మా నాన్న అక్క. పక్కింట్లో ఉండేది, కూలికి పూలు కట్టేది. నా జుట్టు రాలి పాపిడి వెడల్పవుతోందని మొదట చూసింది ఆమే. ఒంట్లో వేడి వల్లేనని అమ్మ తేల్చేసింది. అమ్మకు చెప్పకుండా అత్త నన్ను ధర్మపురిలో చర్మ డాక్టరమ్మకు చూపించింది.

మగ హార్మోన్‌ను అడ్డుకునే మాత్ర రాస్తానని డాక్టరమ్మ అనగానే నేను ఆ మాట దగ్గరే ఆగిపోయాను. తిరిగొచ్చే బస్సులో అడిగాను.

"అత్తా, నేను మగపిల్లోడిలా అయిపోతానా?"

"మీసమొస్తే నాకు జత అవుతావులే," అని పైపెదవి తడుముకుని నవ్వింది. "ఆ హార్మోను ఆడోళ్లందరికీ కొంచెం ఉంటుందని డాక్టరమ్మ చెప్పె కదా పాపా. నువ్వు భయపడతా కూచున్నావు, మాట యాడ విన్నావు?"

ఆ మాత్రతో రక్తంలో పొటాషియం పెరగొచ్చట. అది ఎక్కువుండే టెంకాయ నీళ్లు రోజూ తాగొద్దని, మూడు నెలలకు రక్తపరీక్షకు రమ్మని డాక్టరమ్మ చెప్పింది. అమ్మేమో వేడి తగ్గాలని రోజూ లేత టెంకాయ కొట్టి గ్లాసు నిండా ఇచ్చేది. వద్దంటే ఎందుకని అడుగుతుంది. సరిగ్గా ఆ వేళకు అత్త వచ్చి, "ఇట్లా తే, ఎండలో వచ్చినాను," అని గ్లాసు లాక్కునేది.

"ఏం వదినా, బిడ్డ నోటికాడిది తాగుతావా?"

"నీ మొగుడి అక్కకి ఒక గ్లాసు పోసేదానికి ఏడుస్తావా?"

అత్త తలమీద కొంగు ఎప్పుడూ తీసేది కాదు. ఒక్కసారి నాకోసం తీసింది. నడినెత్తిన అంతా చర్మమే. "నాకు దీనికి మందుందని ఎవురూ చెప్పలేదు. నీకు చెప్పినారు. సిగ్గుపడి ఆపొద్దు. పరీక్షకు పొయ్యే రోజు మీ అమ్మకు నేనే చెప్తా."

ఆ రోజు రేపే. ఈ తొమ్మిది రోజులూ నీళ్లు కిటికీలోంచి పారబోశాను. రేపు నాతో ఎవరొస్తారు?

తలుపు చప్పుడు.

"పాపా, నీళ్లు తెచ్చినాను. లాక్కుని తాగే మనిషి లేదు ఇంక. నువ్వే తాగాల." తలుపు అవతల అమ్మ.

ఈ కాగితాలు పరుపు కింద పెట్టేస్తున్నాను. మాత్రల అట్టను మాత్రం బల్లమీద, అమ్మ గ్లాసు పెట్టే చోటే ఉంచుతున్నాను.