గోడౌన్ అంటే నవ్వారు

నీరజకి ఇంగ్లీషంటే చిన్నప్పట్నుంచీ బెరుకు. ఇంటరు దాకా తెలుగు మీడియం, ఇంగ్లీషులో అత్తెసరు మార్కులు. పెళ్లై జగ్గయ్యపేట వచ్చాక మావగారు కనకయ్య మిర్చి కొట్టు వెనకే కాపురం. కూతురు బళ్లో చేరిన ఏడు, ధైర్యం కూడగట్టుకుని, "మావయ్యగారూ, ప్రైవేటుగా డిగ్రీ కట్టి టీచర్ని కావాలని ఉందండీ" అంది.

కనకయ్య కాటా మీంచి తలెత్తాడు. "చదువుకో అమ్మాయ్. కొట్టెక్కడికీ పారిపోదు."

ఆయన అన్నాక ఇంట్లో ఇంకెవరూ అడ్డం చెప్పలేదు. అలా తొంభై ఏడులో డిగ్రీ కట్టి, ఇంగ్లీషు బెరుకు పోవాలని సాయంత్రంపూట నందిగామ బస్సెక్కడం మొదలుపెట్టింది. అక్కడ జయమణి టీచరుగారు తమ డాబా మీద రేకుల షెడ్డులో ఇంగ్లీషు మాట్లాడటం నేర్పేవారు.

ఒకరోజు ఎవరింటి గురించి వాళ్లని చెప్పమన్నారు. నీరజ లేచి, తడబడుతూనే, మా కొట్టు పక్కన గోడౌన్ ఉంది, దాన్నిండా మిరపకాయలే అని ఇంగ్లీషులో చెప్పింది. ఇంజనీరింగ్ చదివి ఉద్యోగం వెతుక్కుంటున్న వెంకట్ అందుకున్నాడు.

"గోడౌన్ ఇంగ్లీషు కాదండీ, లారీలవాళ్ల మాట. గో డౌన్ అంటే కిందికి పొమ్మని! వేర్‌హౌస్ అనాలి."

అందరూ గొల్లుమన్నారు. నీరజ చప్పున కూర్చుండిపోయింది. రేపట్నుంచి రాకూడదనుకుంది.

జయమణి నవ్వలేదు. "ఆ మాట నేనూ ఎప్పట్నుంచో అంటున్నా. కరెక్టో కాదో నాకు తెలీదు వెంకట్. చూసి చెప్తా."

ఇంగ్లీషు చెప్పే మనిషి నలుగురిలో 'నాకు తెలీదు' అనడం నీరజ అంతకుముందు వినలేదు. ఆ మాట కోసమే మళ్లీ వెళ్లింది.

టీచరుగారు లావుపాటి డిక్షనరీ పట్టుకొచ్చారు. గోడౌన్ అందులో ఉంది, సరుకు నిలవ చేసే చోటు అన్న అర్థంతోనే.

"అయితే కరెక్టేనా?" అన్నాడు వెంకట్.

"కరెక్టే. నీ వేర్‌హౌసూ కరెక్టే. లండన్లో గోడౌన్ అంటే ఎవరికీ తెలీకపోవచ్చు. ఇక్కడ వేర్‌హౌస్ అంటే హమాలీ నీ మొహం చూస్తాడు."

ఈసారి వెంకట్ కూడా నవ్వాడు. అయితే ఆ మాట మలేషియా వైపు మలయావాళ్ల దగ్గర్నుంచి వచ్చిందని తప్ప ఆ డిక్షనరీలో మరేమీ లేదు. జయమణి అంతటితో ఊరుకోలేదు. పనిమీద బెజవాడ వెళ్లినప్పుడు లైబ్రరీలో కూర్చుని ఇంకా పెద్ద పుస్తకం తిరగేసి వచ్చారు.

"మలయావాళ్లు గుదాంగ్ అంటారట. మనవైపు నుంచి ఓడల్లో వెళ్లిన వర్తకుల వల్ల వాళ్లకి అబ్బి ఉంటుందని ఊహ. తమిళుల కిడంగు అని కొందరు, మన గిడ్డంగి అని కొందరు. గట్టిగా తేల్చలేదు."

"మా మావగారు గిడ్డంగి అనే అంటారండీ!" అంది నీరజ. గొంతు తనకే కొత్తగా వినిపించింది.

ఇంటికొచ్చి చెప్తే కనకయ్య అంతా విని, "నవ్విన కుర్రాడేమన్నాడు?" అని అడిగాడు.

"బస్టాండు దాకా వచ్చి సారీ చెప్పాడండి."

"మంచోడే. మరి ఆవిడ నీ ఒక్క మాట కోసం అంత శ్రమపడిందా!" అంటూ తొడిమలు తీసిన ఎర్రటి కాయలు సంచీకి నింపించాడు. "ఇచ్చిరా. ఘాటెక్కువ, చూసుకు వాడమను."

డిగ్రీ అయింది, బీఎడ్ అయింది. కొన్నేళ్లు ప్రైవేటు బళ్లో చెప్పింది. రెండువేల ఆరులో గవర్నమెంటు టీచరుగా పెనుగంచిప్రోలు దగ్గర పోస్టింగొచ్చింది. ఆర్డరు తీసుకుని తిరిగొస్తూ ఇంటికి పోకుండా నందిగామలో దిగింది.

"ఆరోజు మీరూ నవ్వుంటే నేను మళ్లీ బస్సెక్కేదాన్ని కాదండీ" అంది. ఇన్నాళ్లూ అనాలనుకుని అనలేకపోయిన మాట.

జయమణి కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. "కూర్చో. పప్పుచారుంది, తిని వెళ్దువుగాని."

నీరజ అక్కడ్నుంచే కొట్టుకి ఫోన్ చేసింది. "ముందు టీచరమ్మ దగ్గరికెళ్లావా? మంచి పని చేశావమ్మా" అన్నాడు కనకయ్య. ఆ పూట అక్కడే మారు వడ్డించుకుని తిని, తీరిగ్గా బస్సెక్కింది.