పిప్పరమెంటు సీసాలో సాక్ష్యం

నిన్న సాయంత్రం బస్సు డ్రైవరు ఒక అట్టపెట్టె తెచ్చి మా బడి అరుగు మీద పెట్టి వెళ్ళాడు. హైదరాబాదులో విత్తనాల దుకాణం నుంచి నేను తెప్పించుకున్న పెట్టె. మూత తీయగానే తడిసిన రంపపు పొట్టు వాసన వచ్చింది. ఆ వాసన నాకు మల్లెపూల వాసన కంటే ఇష్టం. పొట్టులో వేళ్ళు పెట్టి వెతికితే మైనం కాగితంలో చుట్టిన గడ్డలు ఒక్కొక్కటే చేతికి తగిలాయి. కుంకుడుకాయంత ఉన్నాయి, గరుకుగా, ప్రాణం ఉన్న గుర్తు ఒక్కటీ లేకుండా. వీటిని నా గది కిటికీలో ఉన్న గాజు తొట్టిలో పెడితే నీళ్ళ అడుగున ఆకులు వేస్తాయని చెబితే ఈ కాటారంలో నేను చదువు చెప్పే పిల్లలు నమ్మలేదు. నేనేమీ నొచ్చుకోలేదు. నా చిన్నప్పుడు జనగామలో పోలీసుల తనిఖీ నాకాలో ఒక్కరూ ఇదే మాట నమ్మలేదు. నోటితో చెప్పలేనివన్నీ డైరీలో రాసుకునే అలవాటు నాది. రాత్రి డైరీ తెరిస్తే మార్తమ్మ టీచరమ్మ తప్ప ఇంకేమీ గుర్తుకు రాలేదు. ఆమెను చూడనివాళ్ళకు ఆమె గురించి చెప్పాలనిపించింది.

అవి తెలంగాణ సాయుధ పోరాటపు రోజులు. పాలకుర్తి దగ్గర మా ఊరు. పగలు పోలీసులు వచ్చి అడిగేవారు, చీకటి పడ్డాక దళంవాళ్ళు వచ్చి అడిగేవారు. ఎవరికి ఏం చెప్పినా అది ఇంకొకరి దృష్టిలో తప్పే. "ఎవలడిగినా నాకెరుక లేదను బిడ్డా. అసలు నోరే తెరువకు" అని అమ్మ నేర్పింది. మా ఇంట్లో అందరూ ఆ విద్య అవసరం మేరకు నేర్చుకున్నారు. నాకు మాత్రం మరీ ఎక్కువగా వంటబట్టింది. ఊళ్ళో ఉండలేక జనగామ వచ్చి, రైలు పట్టాల పక్కన ఒక గది తీసుకున్నాం. నాయిన గంజ్ బజారులో ధాన్యం తూచే పనికి కుదిరాడు. నేను మాత్రం భయపడాల్సిన అవసరం తగ్గాక కూడా నోరు తెరవలేదు.

మా గది పక్కనే మార్తమ్మ టీచరమ్మ ఇల్లు. ఆ ఇంటి వసారాలోనే ఆడపిల్లల బడి. ఆమె ఒక్కతే ఉండేది. తెల్లచీర, వడివడి నడక, స్టేషను దాకా వినిపించే గొంతు. నవ్వితే ఆ గొంతు ఇంకో స్టేషనుకు కూడా వినిపిస్తుందని మా నాయిన అనేవాడు. బడిలో నన్ను ఏదైనా అడిగితే నేను పలక మీద రాసి చూపించేదాన్ని. ఇంకో టీచరైతే బెత్తం తీసేవారు. ఆమె నా పలక చదివి, "దేవుడు నీకు చెయ్యి ఇచ్చిండు గని నోరియ్య మర్చిపోయిండా పిల్లా?" అని నవ్వి, తన బీరువాలోంచి ఇంకో పుస్తకం తీసి ఇచ్చేది. ఆ బీరువాలోని పుస్తకాలన్నీ నేను ఆ వసారా మూల కూర్చునే చదివాను. జనగామలో నాకున్న లోకమంతా ఆ మూలే.

ఆ మూలకు ఎదురుగా కిటికీలో గాజు తొట్టి ఉండేది. స్టేషనులో తంతి యంత్రానికి వాడి పక్కన పడేసిన బ్యాటరీ గాజుపెట్టెను టీచరమ్మ అడిగి తెచ్చుకుంది. అందులో కొన్ని చిన్న చేపలూ, నీటి మొక్కలూ. రైలు గార్డుగా పనిచేసే ఆమె తమ్ముడు సికింద్రాబాదు నుంచి మొక్కల డబ్బాలు తెచ్చి ఇచ్చేవాడు. ఇంటి యజమాని భార్య, మేమంతా సేటమ్మ అనే ఆవిడ, డబ్బా వచ్చినప్పుడల్లా వచ్చి చెంగుతో మూతి తుడుచుకుంటూ నిలబడేది.

"మా చెర్ల కలువగడ్డలు కుప్పలు కుప్పలుండంగ పట్నంకెల్లి తెప్పిచ్చుకునుడేంది టీచరమ్మా? రేపు నీళ్ళు గూడ ఆడికెల్లే తెప్పిచ్చుకుంటవా?"

"మీ కలువ మహారాణి సేటమ్మా. గీ డబ్బాల పట్టదు. దాన్ని ఇంట్ల పెట్టుకుంటే నేను బయట పండుకోవాలె" అనేది టీచరమ్మ.

తొట్టి పని ఆమె నాతో చేయించేది. ఇసుకను నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగాలి. గడ్డను పూర్తిగా పూడ్చకూడదు. కింది సగం ఇసుకలో, పై సగం బయట ఉండాలి. మొత్తం పూడిస్తే కుళ్ళిపోతుంది. ఒకసారి డబ్బాలో తడి నాచులో చుట్టి పంపిన చిన్న మొక్కలు వచ్చాయి, పచ్చగా, ముచ్చటగా. నీళ్ళలో పెట్టిన కొద్ది రోజులకే ఆకులన్నీ గాజులా పలచబడి కరిగిపోయాయి. నేను ఏడుపు మొహంతో వాటిని తీసి పారేయబోతే టీచరమ్మ చెయ్యి పట్టుకుంది. "ఆగు. దుకాణపోడు వీటిని గాలిల పెంచిండు. గాలిల పుట్టిన ఆకు నీళ్ళల్ల బతకది. పోనీ. వేరున్నది గద, నీళ్ళకు తగ్గ ఆకు అదే ఏస్తది" అంది. నిజంగానే వేసింది. సన్నగా, పొడుగ్గా, ముందటి ఆకులతో పోలికే లేని కొత్త ఆకులు. వాటిని చూస్తుంటే పాలకుర్తి నుంచి మేము మూటలతో దిగిన రోజు ఎందుకో గుర్తుకొచ్చింది. ఆ సంగతి పలక మీద కూడా రాయలేదు.

ఆ తర్వాత వచ్చిన డబ్బా మా దాకా రాలేదు. స్టేషనులో తనిఖీలు పెరిగాయి. ఒక మధ్యాహ్నం మేము ఎక్కాలు చదువుతుంటే నాకా పోలీసు జమేదారు ఇద్దరు జవాన్లతో వసారా ఎక్కాడు. గుబురు మీసాలు, చంకలో మూత ఊడిన డబ్బా. ఒక జవాను గడ్డను రుమాలులో పెట్టి, చెయ్యంత దూరాన పట్టుకుని నిలబడ్డాడు.

"క్యా హై యే? ఏంది గివి? పొట్టుల దాచి తెప్పిస్తున్నవు!" అన్నాడు జమేదారు.

"గడ్డలు సాబ్. నీళ్ళల్ల పెడ్తే మొలుస్తయి."

"గడ్డలైతే పులుసు పెట్టుకుంటరు. పట్నంకెల్లి రైల్ల తెప్పిచ్చి నీళ్ళల్ల ఎవలు పెడ్తరు? బాంబు మసాలా పొట్టులనే పెడ్తరట, నాకు తెల్వదా?"

టీచరమ్మ నవ్వింది. ఆమె నవ్వు సంగతి ముందే చెప్పాను. జవాను అదిరిపడి గడ్డను జారవిడిచాడు, జమేదారు రెండడుగులు వెనక్కి వేశాడు. గడ్డ దొర్లుకుంటూ వచ్చి నా కాలి దగ్గర ఆగింది. ఏమీ పేలలేదు. కాని అంతమంది ఆడపిల్లల ముందు వెనక్కి గెంతినందుకు జమేదారుకు కోపం వచ్చింది. పైగా టీచరమ్మ పల్లెల్లో ఆడవాళ్ళకు అక్షరాలు నేర్పడానికి తిరుగుతుందని వాళ్ళకు తెలుసు. ఆ రోజుల్లో అనుమానానికి అదే చాలు. బడికి తాళం వేశారు. టీచరమ్మ గడప దాటకూడదన్నారు. వాళ్ళ పై అధికారి అమీన్ సాబు పల్లెల దౌరా నుంచి తిరిగి వచ్చేదాకా ఒక గడ్డ సాక్ష్యంగా నాకాలోనే ఉంటుందన్నారు. "మొలిస్తే గడ్డ. మొలవకపోతే వరంగల్ జేలు" అన్నాడు జమేదారు.

"మరి ఎట్ల పెట్టాల్నో మీకు తెల్వది గద సాబ్? నన్ను రానియ్యరాయె. గీ పిల్ల వస్తది, సుగుణ. దానికంతా తెల్సు" అంది టీచరమ్మ. నేను పలక కోసం తడుముకున్నాను. ఆమె నా చెవి దగ్గరికి వంగి, జీవితంలో మొదటిసారి మెల్లగా మాట్లాడింది. "నువ్వు పొయ్యి పెడ్తే మొలుస్తది బిడ్డా. వాళ్ళు పెడ్తే మురుగుతది. గంతే."

నాకా అంటే రైలు గేటు పక్కన రేకుల షెడ్డు. నాయిన గేటు దాకా వచ్చి ఆగిపోయాడు. లోపల బల్ల మీద, ఎదురు కొట్టు నుంచి తెచ్చిన పిప్పరమెంటు సీసా పెట్టి ఉంది. నేను పలక మీద 'ఇసుక కావాలి' అని రాసి జమేదారు ముందు పట్టుకున్నాను. ఆయన పలకను అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"తెలుగు సదువుడు నాకు రాదు బేటీ. ఉర్దూల రాయి."

ఉర్దూ నాకు రాదని తల ఊపాను.

"మరి నోరున్నది గద!"

జవాన్లు నవ్వారు. నేను పెదవులు కదిపాను. జమేదారు టోపీ తీసి చెవి ఇటు వంచి, "జర జోర్ సే" అన్నాడు. "ఇసుక" అన్నాను. ఆ మాట నాకే కొత్తగా వినిపించింది. ఒక జవాను పట్టాల పక్క నుంచి దోసెడు ఇసుక తెచ్చాడు. అందులో సగం బొగ్గుముక్కలు. "కడుగాలె" అన్నాను. వాళ్ళు తుపాకులు గోడకు ఆనించి, గొంతుక్కూర్చుని, బియ్యం కడిగినట్టు ఇసుక కడిగారు. నీళ్ళు తేటబడేదాకా "ఇంకా, ఇంకా" అంటూనే ఉన్నాను. గడ్డను సగం ఇసుకలో, సగం బయటకు పెట్టి, సీసాను ఎండ పడే చోటికి జరిపి ఇంటికి వచ్చాను.

రోజూ పొద్దున్నే వెళ్ళి చూసేదాన్ని. గడ్డ మాత్రం ఒక రోజు ఒక పక్క, ఇంకో రోజు ఇంకో పక్క ఉండేది. నీళ్ళు కలక. సాయంత్రం టీచరమ్మ కిటికీ కింద నిలబడితే ఆమె పుస్తకాల గురించీ, మా అమ్మ నడుం నొప్పి గురించీ అడిగేది, గడ్డ గురించి అడిగేది కాదు. ఉండబట్టలేక ఒకనాడు పలక మీద 'ఎందుకు అడగరు?' అని రాశాను. "అడిగితే దాన్ని పీకి సూసినట్టైతది" అంది. ఆ రోజుల్లో ఆమె వండిన అన్నం రోజూ మాడేది. ఆ వాసన మా గదిలోకి వచ్చేది. ఆమె పోతే బడి ఉండదు, ఆ బీరువా ఉండదు, నా మూల ఉండదు. గాలికి మాడువాసన వచ్చినప్పుడల్లా నాకు అదే తలపుకొచ్చేది.

మర్నాడు కొంచెం ముందుగా వెళ్ళాను. జమేదారు సీసాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, గడ్డను బయటకు తీసి, ఖాకీ చొక్కాకు తుడిచి, వాసన చూస్తున్నాడు. గడ్డ కింద వెంట్రుకల్లాంటి తెల్లటి వేళ్ళు అప్పుడే వచ్చి, సగం తెగి వేలాడుతున్నాయి.

"ముట్టకు!"

అరిచింది నేనేనని కొంచెం ఆలస్యంగా తెలిసింది. బీడీ వెలిగించబోతున్న జవాను అట్లాగే ఆగిపోయాడు.

"రోజూ పీకి సూస్తే వేరెట్ల పడతది? గిట్ల నువ్వు పీకుతవు, మొల్వలేదని మా టీచరమ్మను జేల్ల పెడ్తవా? సగం బయట పెట్టింది ఎందుకు? కండ్లతోని సూడనీకే! చేతులతోని కాదు!"

గేటు దగ్గర నాయిన తల మీద చేతులు పెట్టుకున్నాడు. జమేదారు నన్నూ, గడ్డనూ మార్చి మార్చి చూశాడు. "అమీన్ సాబ్ అడిగితే చెప్పాలె గద బేటీ" అన్నాడు, బడిలో దొరికిపోయిన పిల్లాడిలా. తర్వాత గడ్డను రెండు వేళ్ళతో మెల్లగా ఇసుక మీద పెట్టి, జవాను వైపు తిరిగాడు. "ఇయ్యాల్టి సంది సీసా మీద పహారా. నేనొచ్చినా ముట్టనియ్యకు." ఆనాటి నుంచి పిప్పరమెంటు సీసా పక్కన తుపాకీ పట్టుకుని ఒక మనిషి నిలబడేవాడు. దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవారు. తన సీసా ఎప్పుడిస్తారని కొట్టు యజమాని వచ్చి అడిగితే అతన్ని కూడా దగ్గరకు రానివ్వలేదు.

గడ్డ కొనలో ముందు ఎర్రటి ముల్లులాంటిది కనిపించింది. అది విచ్చి, చుట్టలు విప్పుకుని, అంచులు మడతలు పడ్డ పొడవాటి ఆకై నీళ్ళలో నిలబడింది. అమీన్ సాబు దౌరా నుంచి వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. ఆయన దుమ్ముకొట్టుకున్న బూట్లతో వచ్చి, వంగి, సీసాను చాలాసేపు చూశాడు.

"ఇదేనా నీ బాంబు?"

"జీ హుజూర్" అన్నాడు జమేదారు నిటారుగా నిలబడి. "గింత మెల్లగ పేలేది నేనెన్నడు సూడలే."

బడి తాళం తీశారు. జమేదారే స్వయంగా డబ్బా తెచ్చి ఇచ్చాడు. "ఒకటి తక్కువున్నది సాబ్" అంది టీచరమ్మ. "అది సర్కారు సాక్ష్యం, వాపస్ రాదు" అన్నాడాయన మీసాల కింద నవ్వు దాచుకుంటూ. పోతూ పోతూ వెనక్కి తిరిగి, "చేపలేమన్న ఉన్నయా టీచరమ్మా? సీసల గా మొక్క ఒక్కతే ఉన్నది" అని అడిగాడు. టీచరమ్మ నవ్వింది. ఈసారి ఎవరూ గెంతలేదు. ఆ మధ్యాహ్నం బడిలో ఆమె నన్ను ఏదో లెక్క అడిగింది. పలక వదిలేసి నోటితో చెప్పాను. జవాబు తప్పు. ఆమె చప్పట్లు కొట్టింది.

తర్వాత ఆమెకు మానుకోటకు బదిలీ అయింది. వెళ్ళేటప్పుడు గాజుపెట్టె నా చేతుల్లో పెట్టి, "చదువు, పెంచు, గట్టిగ అరువు" అంది. నేను టీచరునయ్యాను. గొంతు మాత్రం ఆమెదంత కాలేదు. పోయిన వానాకాలంలో ఆమె కన్నుమూసిందని తెలిసి మానుకోట వెళ్ళాను. ఆమె ఇంటి కిటికీలో కొత్త తొట్టి ఉంది. అందులో నీళ్ళు అంతకు ముందు రోజే మార్చినంత తేటగా ఉన్నాయి. అడుగున ఒక గడ్డ, సగం బయటకు. ఇంకా మొలక లేదు. నేను దాన్ని ముట్టుకోలేదు.

ఈ పొద్దున కొత్త గడ్డలు ఇసుకలో పెట్టాను. కిటికీ చుట్టూ పిల్లలంతా మూగారు. బడిలో ఎప్పుడూ నోరు విప్పని చిన్నపిల్ల పోశక్క అందరినీ తోసుకుని ముందుకొచ్చి, సరిగ్గా చూడాలని గడ్డను పీకడానికి తొట్టిలో చెయ్యి పెట్టింది.

"ముట్టకు!" అని అరిచాను. "కండ్లతోని సూడు!"

వీధి చివర ఆగి ఉన్న బస్సులోంచి జనం తలలు బయటపెట్టి చూశారు. పిల్లలు నోళ్ళు తెరిచి నన్నే చూస్తున్నారు. ఇంత గొంతు నా దగ్గర ఉందని వాళ్ళకు తెలియదు. పోశక్క తడి చెయ్యి లంగాకు తుడుచుకుని, "గంత గట్టిగెందుకు టీచరమ్మా, వినవడ్డది" అంది. నాకు నవ్వొచ్చింది. పక్క స్టేషనుకు వినపడేంత నవ్వు. ఈ రాత్రి డైరీ తెరిచాను గాని, నోటితో చెప్పలేక రాసుకోవడానికి ఏమీ మిగలలేదు.