కంద పూసిందనుకున్నారు

మా ఇంటి వెనక నల్లా దగ్గర ఒక అడవి కంద ఉంది. ఎండాకాలమంతా అక్కడ ఉత్త మట్టి తప్ప ఏమీ కనిపించదు. తొలకరి పడగానే ఆ మట్టి పగిలి మొగ్గ లేస్తుంది. ఆకు ఉండదు, కొమ్మ ఉండదు, నేలలోంచి నేరుగా పువ్వే. ముదురు వంకాయ రంగు, కుచ్చిళ్లు పోసినట్టు అంచులు, నడుమ ముడతలు పడ్డ బుడిపె. విచ్చుకున్నదంటే చచ్చిన ఎలుక కంపు. ఈగలు ముసురుకుంటాయి. ఇల్లందులో మాది గోడకు గోడ ఆనించి కట్టిన ఇళ్ల వీధి. నా పువ్వు పూస్తే వీధంతా ముక్కు మూసుకోవాల్సిందే. నాకు మాత్రం ఏటా ఆ మొగ్గను చూడగానే ప్రాణం లేచొస్తుంది. మల్లెలకూ గులాబీలకూ మురిసేవాళ్లు చాలామంది ఉన్నారు, వాటికి నేను అక్కర్లేదు.

ఆ దుంప తెచ్చిచ్చింది పక్కింటి తాత. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి. భార్య పోయింది, పిల్లలు లేరు. భద్రాచలం దారిలో అడవి ఊరి చుట్టాలింటికి పోయినప్పుడల్లా ఏదో ఒకటి మోసుకొచ్చేవాడు. కూర వండుకొమ్మని ఇచ్చిన దుంపను, నోరు దురదపెడుతుందన్న భయంతో నేను మట్టిలో పెట్టాను. అది పూసిన రోజు తాత కుర్చీ తెచ్చుకుని పక్కనే కూర్చునేవాడు.

“నాకేం వాసనొస్తలేదు బిడ్డా. బాయిల దుమ్ముకు ముక్కు ఎప్పుడో పోయింది,” అనేవాడు.

మేమంతా ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని చూసి పారిపోయేవాళ్లం. దాన్ని తీరిగ్గా చూసింది ఆయనొక్కడే.

ఆ ఏడాది మొగ్గ లేచిన మర్నాడే తల్లాడలో మా చెల్లెలికి జ్వరమని కబురొచ్చింది. మా ఆయన డ్యూటీ మణుగూరులో, వారానికోసారి వస్తాడు. ఇంటికి తాళం వేసి బయల్దేరాను. మొగ్గను చూస్తుండమని తాతకు చెప్పాను.

“పో బిడ్డా. నువ్వొచ్చేదాక వాడిపోనియ్య,” అన్నాడు.

చెల్లెలి జ్వరం ఓ పట్టాన తగ్గలేదు. ఒకరోజు పొద్దున్నే ఎదురింటామె ఫోన్ చేసింది.

“అక్కా, నీ కంద పూసింది. వాడకట్టంత కంపే. బువ్వ పోతలేదు.”

“తాత ఏమంటుండు?”

“తాత కనవడుతలేడు. తలుపేసే ఉంది. భద్రాచలం దిక్కు పోయిండు గావచ్చు. నువ్వు జల్దీ రా.”

నాకు ఒళ్లు మండింది. చూస్తుంటానని మాటిచ్చి ఊరికి పోతాడా అని తాతను తిట్టుకున్నాను. ఆ పువ్వు నాలుగు రోజులు నిలవదు. చూడకుండా పోతే మళ్లీ ఏడాది ఆగాలి. చెల్లెలికి కాస్త నయంగానే ఉంది కాబట్టి బ్యాగు సర్దుకున్నాను.

“ఎలుక కంపు కొట్టే పువ్వు కోసం నన్నిడిసి పోతున్నవా?” అని చెల్లెలు నవ్వింది. నేనూ నవ్వాను. ఖమ్మంలో బస్సు మారేటప్పుడు చాయ్ కూడా తాగలేదు.

సందు మొదట్లోనే వాసన తగిలింది. నిజం చెప్తున్నాను, నాకు సంతోషమేసింది. ఎదురింటామె ముక్కుకు చున్నీ కట్టుకుని గడపలో నిలబడి ఉంది.

“వచ్చినవా? పో, నీ ముద్దుల బిడ్డను చూసుకో పో,” అంది.

తాళం తీసి, చెప్పులతోనే వెనక్కి పరుగెత్తాను.

మొగ్గ మొగ్గలాగే ఉంది. బిగుసుకుని, ఎక్కడా అంచు కూడా విడలేదు. దాని మీద ఒక్క ఈగ లేదు. ఈగలన్నీ తాత కిటికీ సందులో ఉన్నాయి.

లోపలి గడియ పెట్టి ఉంటే మగవాళ్లు తలుపు పగలగొట్టారు. నేను లోపలికి పోలేకపోయాను. మంచం మీదే పోయాడట. ఎప్పుడు పోయాడో దవాఖానా వాళ్లు కూడా అందాజుగానే చెప్పారు. అన్నాళ్లూ వీధి వీధంతా నన్ను తిట్టుకుంటూ తలుపులు మూసుకుంది. వాళ్లనేం అనగలను? ఏటా అవే రోజులు, అదే వాసన.

దహనమైన మర్నాడు కంద విచ్చుకుంది. ఎవరూ తలుపులు మూయలేదు, ఎవరూ నన్ను తిట్టుకోలేదు. అదే నాకు భరించరానిదైంది. తవ్వి పారేద్దామని గడ్డపార పట్టుకుంటే ఎదురింటామె వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

“ఉండనియ్ అక్కా. దాని తప్పేంది?” అంది.

ఇప్పటికీ ఏటా పూస్తుంది. మొగ్గను చూస్తే సంతోషం వస్తుంది, రాదని అబద్ధం చెప్పను. కానీ కంపు మొదలైన రోజు నేను వెనక్కి పోను, ముందు వీధిలోకి పోతాను. ఎదురింటామె ఆ చివర నుంచి తలుపులు కొడుతూ వస్తుంది, నేను ఈ చివర నుంచి.

“ఉన్నరా?”

“అవ్, ఉన్నం.”

ఎందుకు పిలిచామని ఎవరూ అడగరు. తాత ఇంట్లోకి కిరాయికి దిగిన కొత్త జంట మాత్రం పోయినేడు అడిగింది.

“ఏందక్కా, ఏమైంది?”

“ఏం లేదమ్మా,” అన్నాను. “మా కంద పూసింది.”