బక్కయ్య తాత చెయ్యి

పూనం ముంబై కామాటిపురాలో, వరుసగా ఒంటిగది ఇళ్లుండే చాల్‌లో పుట్టి పెరిగి, ఎమ్మెస్సీ కంప్యూటర్స్ చివరి ఏడు దాకా వచ్చిన పిల్ల. కీబోర్డూ మౌసూ ముట్టకుండా, కెమెరా ముందు చెయ్యి ఊపితే తెర మీద బొమ్మలు మారే ప్రోగ్రామ్ ఆమె ప్రాజెక్టు. కాలేజీలో స్నేహితులందరికీ అది చక్కగా పనిచేసింది.

ఆదివారం పొద్దున పక్కగది బక్కయ్య తాత వచ్చి, తానూ చెయ్యి ఊపి చూశాడు. నలభై ఏళ్లు మేస్త్రీ పని చేసిన మనిషి. తెర కదల్లేదు.

"ఏందే, గ్రాంట్ రోడ్ల ఎన్ని గోడలు కట్టిన చెయ్యి ఇది! నీ డబ్బాకు కనవడ్తలేదా?" అని పకపకా నవ్వాడు.

పూనం ఆ చేతిని పరీక్షగా చూసింది. చూపుడువేలు సగమే ఉంది. కాయలు కాసిన అరచెయ్యి పూర్తిగా విచ్చుకోదు. తాను ప్రోగ్రామ్‌కు నేర్పినవన్నీ కాలేజీ పిల్లల నున్నటి చేతులే.

"తప్పు నాదే తాతా. జర రోజూ వచ్చి చెయ్యి చూపియ్యి, దీనికి నేర్పాలె."

"చల్, నేను గూడ మాస్టర్‌నైన!"

ఆ మాట చాల్ అంతటా పాకింది. చేతికి ఫోటో అనగానే పై అంతస్తు పెంటమ్మ కొత్త గాజులేసుకుని మరీ వచ్చింది. మూడు వారాల్లో వందకు పైగా చేతులు పోగయ్యాయి.

ప్రాజెక్టు పరీక్ష నాడు పూనం తాతను వెంట తీసుకెళ్లింది. ఆయన చెయ్యి ఊపగానే బొమ్మ మారింది. ఇంకోసారి ఊపాడు, మళ్లీ మారింది.

"బస్ కాకా, పాస్ హో గయీ ఆప్‌కీ పోతీ!" అంటూ, మనవరాలు పాసైంది ఇక చాలని పరీక్షకుడు నవ్వేదాకా తాత చెయ్యి దించలేదు.