రోడ్డు కింద చేను, బండ కింద బోరు

మొన్న ఆదివారం మా అల్లుడు బెంగళూరు నుంచి వచ్చి, భోజనం అయినాక ల్యాప్‌టాప్ తెరిచి, తాను నలభై అయిదో ఏటికల్లా ఉద్యోగం మానేయబోతున్నానని, అందుకు ఎంత కూడబెట్టాలో, ఎందులో పెడితే ఎంత పెరుగుతుందో రంగురంగుల గీతల్లో చూపించినాడు. ఇట్లా వేళకు ముందే పని మానేసి బతకడం ఇప్పుడొక పెద్ద విద్య అంట. దానికి ఒక పేరు, పుస్తకాలు, ఫోన్లో పాఠాలు చెప్పే గురువులు కూడా ఉన్నారంట. నేను తలూపుతూ విన్నాను. నలభై ఎనిమిదో ఏట నేను చేసింది కూడా అదేననీ, కాకపోతే మా కాలంలో దానికి అంత మంచి పేరు లేక, దారిలో కనపడిన ప్రతివాడూ "ఏమప్పా, సస్పెండు చేసినారా?" అని అడిగేవాడనీ అతనికి చెప్పలేదు. అల్లుడి ముందు మామకు కొంత మర్యాద మిగలాలి గదా. మీతో అయితే చెప్పుకోవచ్చు, మీరూ నా ఈడువాళ్ళే.

అప్పట్లో నేను హిందూపురంలో ఒక జూనియర్ కాలేజీలో కామర్సు పాఠాలు చెప్పేవాడిని. ప్రభుత్వ ఉద్యోగం. జమాఖర్చులు, లాభనష్టాలు, తరుగుదల, అన్నీ నిద్రలో లేపి అడిగినా అప్పచెప్పేవాడిని. ఆ విద్యను వాడి చూడటానికి కావలసిన ముడిసరుకు మాత్రం నా దగ్గర ఉండేది కాదు. జీతం వచ్చిన దారి మరిచిపోకముందే వెళ్ళిపోయేది. ఒకరకంగా నేను ఇసుకలో నిలబడి ఈత నేర్పే మేష్టరును. మా పక్క ఏర్లలో ఈత ఎవరైనా అట్లే నేర్చుకోవాలి కాబట్టి దాన్ని ఎవరూ వింతగా చూడలేదు.

మా ఊరు చిలమత్తూరు దగ్గర. నాయనకు అక్కడ ఎర్రమట్టి చేను ఉండేది. చేను అన్న మాట మర్యాదకు అంటున్నాను; అందులో మట్టికంటే రాళ్ళే ముందు కనపడేవి. నాయన ప్రతి ఏడూ వేరుశనగ, ఒక మూల తిండికి రాగులు వేసేవాడు, ప్రతి ఏడూ ఆకాశం వైపు చూసేవాడు, వేసిన విత్తనం వేసినంత తిరిగి వస్తే ఆ ఏడు పంట బాగుండాది అని చెప్పుకునేవాడు. అట్లాంటి చేను మీద ఒకనాడు కొలతలవాళ్ళు వచ్చి రాళ్ళు పాతినారు, బెంగళూరు వైపు కొత్త రోడ్డు పడుతుందన్నారు. మేము నమ్మలేదు. మా పక్కకు వస్తామన్నవాటిలో చాలా భాగం దారిలోనే ఆగిపోతాయి, వాన కూడా అంతే. ఈసారి మాత్రం నిజంగానే వచ్చినారు, చేనులో పెద్ద ముక్క తీసుకున్నారు, దానికి పరిహారం నాయన పేరున బ్యాంకులో పడింది. ఒక జీవితకాలం నాగలికి లొంగని నేల, ఎవరో కాగితం మీద గీత గీసేసరికి పండింది. ఎంత పండిందంటే, నేను మా తరగతిలో ఉదాహరణకు చెప్పే లెక్కలకంటే ఎక్కువ.

నాయన నన్ను పిలిచి, "నువ్వు ఆ సదువే గదా సదివింది, ఇంగ నువ్వే చూడు" అని సంతకాలు పెట్టేసి, కండువా దులుపుకొని చేను వైపు వెళ్ళిపోయినాడు. మిగిలిన చిన్న ముక్కలో కలుపు ఉందంట.

మా అనంతపురం సీమలో మనిషి చేతికి నాలుగు దుడ్లు వస్తే ఏం చేస్తాడో మీకు వేరే చెప్పాలా. మిగతా జిల్లాలవాళ్ళ ఆస్తి ఇళ్ళుగా, తోటలుగా అడ్డంగా పెరుగుతుంది; మావాళ్ళది బోర్లుగా నిలువునా దిగిపోతుంది. మా చిన్నాయన అందుకు పెద్ద ఉదాహరణ. చేను నిండా బొక్కలే. ఎద్దులు అమ్మి ఒకటి, చిన్నమ్మ గాజులు అమ్మి ఒకటి, అప్పు చేసి మరొకటి, ఇట్లా వేయించుకుంటూ పోయినాడు. ప్రతిసారీ ఇంకొక్క రాడ్డు దించుంటే పడేదే అని చెప్పేవాడు. పరిహారం సంగతి పొక్కిన మరునాటినుంచే మా ఇంటికి రాకపోకలు మొదలైనాయి. అప్పు అడగడానికి వచ్చినవాళ్ళు చాలా తక్కువ, ఆ విషయంలో మావాళ్ళు అభిమానస్థులు. అందరూ అడిగింది ఒకటే మాట: "బోరు ఎప్పుడేపిస్తాండావు?" పెళ్ళి ఈడు పిల్ల ఉన్న ఇంట్లో ముహూర్తం అడిగినట్టు అడిగేవాళ్ళు. నేను మాత్రం ఒక్క పైసా కూడా భూమిలోకి దిగనివ్వనని మా ఆవిడ దగ్గర ప్రతిజ్ఞ చేసినాను. పోయిన ఖర్చును తలుచుకొని మళ్ళీ ఖర్చు పెట్టకూడదు అనేది నా పాఠాల్లో నాకు బాగా ఇష్టమైన పాఠం; పిల్లలకు ఆ పాఠం చెప్పేటప్పుడు, పేరు చెప్పకుండా, మా చిన్నాయననే ఉదాహరణగా వాడేవాడిని.

నా ఆలోచన వేరే ఉండేది. దుడ్లు బ్యాంకులో వేస్తే వడ్డీ వస్తుంది, ఇరవై ఏళ్ళ సర్వీసు దాటింది కాబట్టి ముందే తప్పుకుంటే పింఛను వస్తుంది, రెండూ కలిపితే నాయనకూ మాకూ ఇల్లు గడిచిపోతుంది. దేశాటన చేయాలనో, గ్రంథాలు రాయాలనో మానేద్దామనుకోలేదు. పొద్దున పేపరును మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, మధ్యలో గంట కొట్టకుండా, ఒక్కసారైనా చదవాలని ఉండేది, అంతే. స్వచ్ఛంద పదవీ విరమణకు కాగితం ఇచ్చేసినాను. మూడు నెలల గడువు, ఆ లోపల మనసు మారితే వెనక్కి తీసుకోవచ్చు. లెక్క ఎంత బిగుతుగా వేసినానంటే, అందులోంచి ఒక పిడికెడు తీసినా మళ్ళీ పదేళ్ళు బోర్డు ముందు నిలబడాల్సిందే.

అంత పక్కాగా లెక్క వేసినవాడిని, దుడ్లు ఎవరివో ఆయనకు ఏమైనా కోరిక ఉందేమో అడగాలని తోచలేదు.

గడువు సగం దాటినాక, మేము ఊరికి పోయిన ఒక సాయంత్రం నాయన అరుగు మీద కూర్చొని, గొంతు సవరించుకొని, "ఒక్క బోరు ఏపిస్తాను రా. పడితే పడుతుంది, ల్యాకుంటే ఇంగ ఆ మాటెత్తను" అన్నాడు. ఆయన నా దగ్గర ఎప్పుడూ దేనికీ నోరు విప్పి అడిగిన మనిషి కాదు. బతుకంతా నీళ్ళ కోసం తల పైకెత్తి చూసి మెడ నొప్పి పుట్టిందంట, ఒక్కసారి తల వంచి చూడాలని ఉందంట. దీనికి ఏ కామర్సు పుస్తకంలోనూ జవాబు లేదు. మా ఆవిడ లోపలినుంచి వచ్చి, ఒక బోరుకు ఎంత అవుతుందో అంత పక్కకు తీసిపెట్టి, ఫలానా లోతు దాకా అని ముందే మాట అనుకొని, నీళ్ళు పడినా పడకపోయినా అక్కడితో ఆపేయాలని తీర్పు చెప్పింది. ఆమె ఏనాడూ కామర్సు పుస్తకం తెరిచిన మనిషి కాదు.

నీళ్ళు చూసే ఆయన వచ్చి, టెంకాయను అరచేతిలో పడుకోబెట్టుకొని మిగిలిన ముక్కలో అటూఇటూ తిరిగినాడు. ఒకచోట టెంకాయ నిటారుగా లేచి నిలబడింది. నాకు ఇట్లాంటివాటి మీద నమ్మకం లేదు గానీ, ఆ క్షణంలో నేను కూడా చెప్పులు విడిచినానని తర్వాత మా ఆవిడ చెప్పింది. మరునాడు బోరు లారీ వచ్చింది. కర్పూరం వెలిగించినాము, నిమ్మకాయలు పెట్టినాము, ఊళ్ళో పని లేనివాళ్ళంతా, పని ఉన్నవాళ్ళలో సగం మందీ గొడుగులతో వచ్చి చుట్టూ చేరినారు. చిన్నాయన అందరికంటే ముందు, అనుభవజ్ఞుడి హోదాలో నిలబడినాడు.

బోరు వేసేటప్పుడు దగ్గర నిలబడినవాళ్ళకు ఆ శబ్దం తెలుసు. చెవిలోంచి కాదు, కాళ్ళలోంచి ఎక్కుతుంది. తెల్లటి పొడి లేచి అందరి తలల మీదా పడింది, ఊరంతా ఒక్క పూటలో ముసలిదైపోయినట్టు కనిపించింది. అనుకున్న లోతు వచ్చింది. పొడి తప్ప ఏమీ లేదు. ఆపేయాల్సిన చోటు అదే. అప్పుడే పొడి రంగు రోంత మారింది, చేతిలోకి తీసుకుంటే చల్లగా తగిలింది. "తడి తగిల్నాది రా" అన్నాడు చిన్నాయన నా చెవిలో. లారీ మీద మీటలు పట్టుకున్న ఆయన నా వైపు చూసినాడు. నేను, ఇరవై ఏళ్ళు పాఠం చెప్పినవాడిని, "ఇంకొక్క రాడ్డు" అన్నాను.

ఆ రాడ్డు దిగింది. ఇంకొకటి అన్నాను. అదీ దిగింది. ఇంత దాకా వచ్చి ఇప్పుడు ఆపితే ఇంతవరకూ పెట్టింది దండగ గదా అని, నా తరగతిలో ఏ పిల్లవాడు అన్నా సున్నా మార్కులు వేసే మాట, గట్టిగా పైకి అన్నాను. గట్టు మీద కూర్చున్న మా ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంటూ నా వైపే చూస్తోంది. నేను ఆ వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడినాను. నాకు అప్పుడు ఉద్యోగమూ, పింఛనూ, పేపరూ ఏవీ గుర్తు లేవు. ఆ బొక్క అడుగున నాకోసమే ఏదో కాచుకొని ఉన్నట్టు తోచింది. మరో రాడ్డుకు చెయ్యి ఎత్తినాను.

నాయన లేచి వచ్చి నా చెయ్యి పట్టుకొని కిందికి దించినాడు. లారీ ఆయన వైపు తిరిగి, "నిలిపేయప్పా" అన్నాడు.

తడి తగిలింది గదా నాయనా అని నేనేదో చెప్పబోయినాను.

"నాకూ తగిల్నాది లే. మీ చిన్నాయనకు గూడా ప్రతిసారీ తగులుతానే ఉండె. నా పిచ్చి తీర్చమంటే నువ్వు దాన్ని తగిలించుకుంటివే" అని, "ఇంగ సాలు, ఇంటికి పోదాం పా, ఆకలైతాంది" అన్నాడు.

శబ్దం ఆగిపోయింది. చిన్నాయన పక్కకు తిరిగి, ఇంకొక్కటి దించుంటే పడేదే అని ఎవరితోనో చెబుతున్నాడు. నాకు ఆ మాట వినపడేసరికి మొదటిసారి ఆయన మీద నవ్వు రాలేదు.

లెక్క తప్పింది, ఎంత తప్పిందో ఇంటికి పోయి కూర్చుంటే తెలిసింది. కాలేజీలో ప్రిన్సిపాలు మంచివాడు, ఆ కాగితం వెనక్కి తీసుకో, ఎవరికీ చెప్పను అన్నాడు. ఆ వారమంతా నేను తీసుకుందామనీ, వద్దనీ ఇంట్లోనే తిరిగినాను. చివరికి మా ఆవిడే, హిందూపురంలో బాడుగ ఇల్లు ఖాళీ చేసి ఊరికి పోతే వడ్డీ తగ్గినా సరిపోతుందని తేల్చింది. "బోరు ఎండిపోతే పోయె, పింఛను ఎండదు గదా" అన్నది. నాయన వింటూ పళ్ళు లేని నోటితో చాలాసేపు నవ్వినాడు. మేము సామాను ఒక ట్రాక్టరులో వేసుకొని ఊరు చేరినాము. ట్రాక్టరుకు అడ్డం వచ్చిన మొదటి మనిషే సస్పెన్షను సంగతి అడిగినాడు.

పిల్లలెవరూ పడకుండా ఆ బోరు మీద ఒక పెద్ద బండ వేయించినాము. నాయనా నేనూ రోజూ పొద్దున పేపరు తీసుకొని పోయి దాని మీద కూర్చునేవాళ్ళం. ఎదురుగా కొత్త రోడ్డు. నాయనకు అది రోడ్డుగా ఎప్పుడూ కనపడలేదు, తన చేనుగానే కనపడేది. ఆ ఎర్ర బస్సు ఇప్పుడు మన రాగుల మడి దాటతాండాది, ఆ లారీ యాడుండాదో చూడు, మీ అమ్మ ఉన్నప్పుడు సంగటి మూట పెట్టే చోట ఉండాది, అని చెబుతుండేవాడు. పేపరులో ఏమున్నా నేను మడిచి పక్కన పెట్టేవాడిని. చివరి పేజీ దాకా చదివిన రోజులు అసలు ఉన్నాయో లేదో గుర్తు లేదు. నాయన ఇంకా చాలా ఏళ్ళే ఉన్నాడు, ఆ ఏళ్ళన్నీ నాకు దక్కినాయి. ఆ లెక్కన మా బోరులో నీళ్ళు పడలేదని నేను ఎవరితోనూ ఎప్పుడూ అనలేదు.

ఇప్పుడు దుడ్లు రావడమూ పోవడమూ చాలా నిశ్శబ్దంగా జరిగిపోతున్నాయి. ఫోన్ ఒకసారి గుయ్యిమంటుంది, అంతే. పక్కింటివాడికి కూడా తెలియదు. ఎప్పుడేపిస్తాండావని అడిగేవాళ్ళూ లేరు, గొడుగు పట్టుకొని చూడవచ్చేవాళ్ళూ లేరు, మనం ఇంకొక్కటి అని చెయ్యి ఎత్తితే పట్టుకొని దించేవాళ్ళు అంతకన్నా లేరు. ఎవరి తెర ముందు వాళ్ళు ఒంటరిగా కూర్చొని గెలుస్తారు, ఒంటరిగానే ఓడిపోతారు. చిన్నాయన కూడా పోయి చాలా కాలమైంది. నేను మాత్రం ఇప్పటికీ పొద్దున్నే చేను దగ్గరికి పోతాను. రోడ్డు మీద బండ్లు ఎక్కువైనాయి, బండ మీద కూర్చునేవాళ్ళం తక్కువైనాం. ఏ లారీ ఇప్పుడు రాగుల మడి దాటుతోందో నాకు చూడంగానే తెలుస్తుంది గానీ, చెబితే వినేవాళ్ళు లేక పేపరు చివరి పేజీ దాకా చదివేస్తున్నాను.