మిషన్ మీద కప్పిన పంచె

చెన్నై పురసవాక్కంలో పావడా గుడ్డ కొనడానికి వెళ్ళిన రోజు, మా కమల బట్టల కొట్టు మెట్ల మధ్యలో కూలబడింది. తొమ్మిదేళ్ళ పిల్ల. "ఊపిరి ఆడలేదుమా" అంది. మారాం చేస్తోందనుకుని కసిరాను.

ఎక్స్‌రే, బ్లడ్ టెస్ట్ అయ్యాక డాక్టరమ్మ ఆస్తమా అన్నారు. ఇన్‌హేలర్ రాసిచ్చి, "మీ ఏరియా గాలిని ఎవురైనా కొలిస్తే తెలుస్తాది మా" అన్నారు. వ్యాసర్పాడిలో మా ఇంటి వెనకే బొగ్గు దించే యార్డు. వీధివాళ్ళం అర్జీల మీద అర్జీలు పెడితే, చివరికి ఒక కాలేజీవాళ్ళు మా మిద్దె మీద గాలిని కొలిచే మిషన్ పెట్టారు. అది గాలి పీల్చి, లోపలి తెల్ల ఫిల్టర్ పేపర్ మీద దుమ్మును పట్టి ఉంచుతుంది.

మా ఇంట్లో టీవీకీ మిక్సీకీ గుడ్డ కప్పకుండా ఉంచం. అంత ఖరీదైన మిషన్ మసి పట్టి పాడైపోతే ఎలా? మా ఆయన పాత పంచె కప్పాను. వాళ్ళు పేపర్ మార్చడానికి వచ్చే పూట తీసేసి, మిద్దె కడిగేదాన్ని. పంచె నల్లబడుతుంటే మిషన్‌ను కాపాడానని మురిసిపోయాను కూడా.

గాలి ప్రమాణాలకు లోబడే ఉందని రిపోర్టు వచ్చింది.

"అయితే ఇంట్లోనే ఏదో అలర్జీ" అన్నారు డాక్టరమ్మ. తాలింపు మానేశాను. కమల పెంచుకున్న పిల్లిని మాధవరంలో ఒకరికి ఇచ్చేశాం. అయినా ఆ వారమే నెబ్యులైజర్‌కు కూడా ఆయాసం తగ్గక, పిల్లను ఆసుపత్రిలో చేర్చి ఆక్సిజన్ పెట్టారు. దాని పెదవులు నీలంగా మారాయి.

వార్డులోకి పాత గుడ్డలు తెమ్మంటే మా ఆయన తెచ్చిన మూటలో ఆ పంచె కూడా ఉంది. డాక్టరమ్మ దాన్ని చూసి, "ఇదేంది మా, ఇంత నలుపు?" అన్నారు.

"మిషన్‌కి కప్పినాను మేడం, మసి లోపలికి పోకుండా."

ఆమె పెన్ను కింద పెట్టేశారు. "అయ్యో! ఆ మసిని కొలిచేదానికే గదమ్మా దాన్ని ఆడ పెట్టింది!"

సిగ్గు చంపుకుని కాలేజీకి వెళ్ళి ఒప్పుకున్నాను. వాళ్ళు తిట్టలేదు, మిషన్‌లో కొత్త పేపర్ పెట్టి మళ్ళీ కొలిచారు. ఈసారి పేపర్ నల్లగా వచ్చింది. కమల దాన్ని చూసి, "నా ఛాతీలో ఉండేది ఇదేనామా?" అంది.

ఆ కొత్త రిపోర్టు చూపించి పోరాడాక యార్డులో బొగ్గు మీద నీళ్ళు చల్లుతున్నారు, గుర్తొచ్చిన రోజు. కమల బడిసంచిలో ఇన్‌హేలర్ ఉంటుంది. పిల్లి కోసం వెళితే, అప్పటికే ఎటో పోయిందన్నారు.

నాలాంటి తల్లులకు చెప్పేదొకటే. కొలిచేవాళ్ళు వచ్చినా, డాక్టరు అడిగినా, ముందుగా ఏదీ కడగకండి, కప్పకండి. మీ ఇంటి మసిని ఉన్నదున్నట్టు చూపించండి.