యాభై రికార్డుల్లో ఒకే తప్పు

నేను బీసీఏలో చేరినప్పుడు కంప్యూటర్ నేర్చుకుంటున్నానని మా ఇంట్లో అందరూ అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. సగం సెమిస్టరు గడిచాక తెలిసింది, నేను నేర్చుకుంటున్నది చేతిరాత అని.

తొంభైల చివర, బెంగళూరంతా కంప్యూటర్ జపం చేస్తున్న రోజులవి. మా కాలేజీ ల్యాబులో యాభైమందికి పన్నెండు కంప్యూటర్లు. వాటిలో నాలుగు ఎప్పుడూ పసుపు గుడ్డ కప్పుకుని ఉండేవి. వాటికేం జబ్బో ఎవరూ అడగలేదు. దుమ్ము తగిలితే మిగతావీ పాడవుతాయని చెప్పులు బయట విడిచి వెళ్ళమనేవారు. ఏసీ చలికి అరికాళ్ళు జివ్వుమనేవి. ఒక్కో కంప్యూటర్ ముందు ఆరుగురం మూగేవాళ్ళం. ఒకరు టైప్ చేస్తుంటే మిగతా ఐదుగురం సలహాలు చెప్పేవాళ్ళం. సలహాలు తేలేలోపు గంట కొట్టేసేవారు.

అందుకని ప్రోగ్రాం నడిపినవాళ్ళు తక్కువ, రికార్డు రాసినవాళ్ళు ఎక్కువ. రికార్డంటే గట్టి అట్ట ఉన్న పెద్ద పుస్తకం. కుడివైపు గీతల పేజీలో ప్రోగ్రాం నీలం సిరాతో రాయాలి. దాన్ని నడిపితే తెర మీద ఏం వచ్చిందో ఎడమవైపు తెల్ల పేజీలో పెన్సిల్‌తో రాసి, చుట్టూ స్కేలుతో గీత గీయాలి. ఆ గీతే తెర అన్నమాట. ప్రోగ్రాం నడిచిందా లేదా అని ఎవరూ అడిగేవారు కాదు గానీ, గీత వంకరపోతే మాత్రం ఊరుకునేవారు కాదు.

నా రాత బాగుండేది. చిక్కపేటలో మా నాన్న బట్టల కొట్లో అట్టపెట్టెల మీద చీరల రకాలు రాసే పని చిన్నప్పటి నుంచీ నాదే. ఆ రాత చూసి క్లాసంతా నా రికార్డు మీద పడింది. ముందుగా పుచ్చుకునేది నా బెంచీ స్నేహితురాలు. వాళ్ళదీ మా పేటే, మా లాగే తరాల నాటి తెలుగు కుటుంబం.

"రికార్డు ఉండాదా? ఇయ్యే, రేపు పొద్దున్నే తెచ్చిస్తా" అనేది.

ఆ రేపు పొద్దున వారం తర్వాత వచ్చేది. ఈలోపు పుస్తకం యాభై ఇళ్ళు తిరిగి, పులియోగరె అన్నం నూనె మరకలతో, ఎవరో చిన్నపిల్లలు గీసిన పిల్లి బొమ్మతో తిరిగొచ్చేది. ఒక్కరైనా థ్యాంక్స్ చెప్పిన పాపాన పోలేదు. పైగా ఒకడు, "ఏడో ప్రోగ్రాం కొంచెం పెద్దగా రాయమ్మా, కళ్ళు గుంజుతాండాయి" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. వీళ్ళ పని పట్టాలనుకున్నాను.

తొమ్మిదో ప్రోగ్రాం అంకెలను చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసలో పెట్టేది. ఆరు అంకెలిస్తే 12, 23, 35, 47, 58, 61 అని రావాలి. నేను ప్రోగ్రాం సరిగానే రాసి, ఎడమ పేజీలో మాత్రం చివరి రెండూ తారుమారు చేశాను. 61 ముందు, 58 తర్వాత. ఒకటో తరగతి పిల్లలు కూడా పట్టుకోగల తప్పు. మా వాళ్ళు పట్టుకోరని నాకు గట్టి నమ్మకం. నమ్మకం వమ్ము కాలేదు. వారం తిరిగేసరికి యాభై రికార్డుల్లోనూ అరవై ఒకటి తర్వాత యాభై ఎనిమిది వచ్చి కూర్చుంది.

ఇక మేడం సంతకం పెట్టేటప్పుడు చూసి అందరినీ నిలబెట్టి కడిగేస్తారు, నేను తల వంచుకుని నవ్వుకుంటాను. ఇదీ నా పథకం.

ఆ మేడం గురించి చెప్పాలి. కోలారు జిల్లా చింతామణి వైపు తెలుగు మనిషి. యలహంక నుంచి రెండు బస్సులు మారి వచ్చేవారు. క్లాసులో ఇంగ్లీషు, నాతో తెలుగు. 'ఎందుకు' అని అడిగితే కసురుకోని మనిషి మా కాలేజీలో ఆవిడ ఒక్కరే. ఆ ఏడే చేరారు, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. మూడు తరగతుల భారం ఆవిడ మీదే వేశారు. పాపం, ఆవిడ మా రికార్డుల దొంతర ముందేసుకుని, ఒక చేత్తో పేజీ తిప్పుతూ ఇంకో చేత్తో ఆకుపచ్చ పెన్నుతో సంతకాలు పెట్టుకుంటూ పోయారు. ఒక్క అంకె కూడా చూడలేదు.

నా పథకం చప్పబడింది. సరే, నేనే బయటపెట్టి, అందరి చేతా బతిమాలించుకుని, అప్పుడు చెబుదామనుకున్నాను. ముందు నాది రబ్బరుతో చెరిపి సరిచేసుకున్నాను. మర్నాడు కాలేజీకి వెళ్ళేసరికి అటెండరు రికార్డులన్నీ పోగేస్తున్నాడు. నాదీ లాక్కుని, ముద్ర వేయించాలని అన్నిటినీ బీరువాలో పెట్టి తాళం వేశాడు. పరీక్ష దాకా బీరువా తెరవలేదు. నేను కూడా పెదవి విప్పలేదు. భయం ఒకటి, ఎవరూ చూడరులే అన్న ధీమా ఒకటి.

పరీక్ష రోజు వేరే కాలేజీ నుంచి ఎక్స్‌టర్నల్ సారు వచ్చారు. సన్నగా, నెరిసిన మీసంతో, నవ్వితే నేరమన్నట్టు ఉన్నారు. మమ్మల్ని ఒక్కొక్కరినీ లోపలికి పిలుస్తున్నారు. నా వంతు వచ్చి చెప్పులు విడిచి లోపలికి వెళ్ళేసరికి సారు బల్ల మీద అరడజను రికార్డులు తెరిచి ఉన్నాయి. అన్నీ తొమ్మిదో ప్రోగ్రాం దగ్గరే. పక్కన మేడం నిలబడి ఉన్నారు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

సారు గొంతు పెంచకుండానే ఇంగ్లీషులో అంటున్నారు. "ఈ ల్యాబులో ఎవరూ ప్రోగ్రాం నడపలేదు. ఒకరిది చూసి ఒకరు రాశారు. మీరు చూడకుండా సంతకం పెట్టారు. ప్రిన్సిపాల్‌కి రిపోర్టు రాయక తప్పదు."

ఆ రిపోర్టు వెళితే ఆవిడ ఉద్యోగం పోయినట్టే. నేను తవ్విన గోతిలో మా క్లాసువాళ్ళు కాదు, ఆవిడ పడుతున్నారు.

ఆయన నా రికార్డు తెరిచారు. "నీ ఒక్కదాన్లోనే సరిగ్గా ఉంది. ఎలా?"

అప్పుడు నా నోటి నుంచి వచ్చిన అబద్ధానికి నేనే ఆశ్చర్యపోయాను. "సార్, ఆ రోజు మేడం సెలవు. ప్రోగ్రాం బోర్డు మీద నేను రాశాను. తప్పు రాశాను. అందరూ అదే టైప్ చేసి నడిపారు, తెర మీద వచ్చిందే రాసుకున్నారు. తర్వాత నేను నాది దిద్దుకున్నాను, వాళ్ళకి చెప్పలేదు."

"అలాగా. ఆ తప్పు ప్రోగ్రాం ఇప్పుడు రాసి చూపించు" అన్నారు కంప్యూటర్ వైపు చెయ్యి చూపిస్తూ.

చచ్చాననుకున్నాను. అలాంటి ప్రోగ్రాం లేనే లేదు. ఆ 61ని 58 ముందుకి తెచ్చింది ఏ ప్రోగ్రామూ కాదు, నా పెన్సిల్. నీలం తెర ముందు కూర్చుని, బట్టీ పట్టినదంతా టైప్ చేసి ఆగిపోయాను. కాలేజీలో చేరాక మొదటిసారి ఆ లైన్లు ఏం చేస్తున్నాయో ఆలోచించాను. పక్కపక్కనున్న రెండేసి అంకెలను పోలుస్తుంది. పెద్దది ముందుంటే చోటు మారుస్తుంది. అలా ఆరో అంకె దాకా వెళుతుంది. ఆరో అంకె దాకా వెళ్ళకపోతే? వరస పెట్టమని నేనిచ్చే ఆరు అంకెల్లో చివరిది యాభై ఎనిమిదే. దాన్ని ఎవరూ ముట్టుకోకపోతే అది ఉన్నచోటే ఉండిపోతుంది!

వరస పెట్టే చోట ఆరుకి బదులు ఐదు వేసి నడిపాను. తెర మీద వచ్చింది: 12, 23, 35, 47, 61, 58.

చప్పట్లు కొట్టాలనిపించింది. సొంత బుర్రతో నేను రాసిన మొదటి ప్రోగ్రాం అది.

సారు తెర చూశారు. తర్వాత బల్ల మీది ఒక రికార్డు తీసి, ఎడమ పేజీ కాదు, కుడి పేజీ చదివారు. అక్కడ ప్రోగ్రాం సరిగానే ఉంది, ఆరు ఆరుగానే ఉంది. నా అబద్ధం నీలం సిరాలో అడ్డంగా దొరికిపోయింది. ఆయన నా వైపు చూశారు, మేడం వైపు చూశారు, పుస్తకం మూసేశారు. తెరిచి ఉన్న మిగతావీ ఒక్కొక్కటే మూసి దొంతర పెట్టారు.

"వీళ్ళు నడిపిందే రాశారు. సరే, రిపోర్టు అక్కర్లేదు. వీళ్ళకి రికార్డు మార్కులు పూర్తిగా వేస్తాను" అన్నారు. తర్వాత నా పుస్తకం తీసి, "నువ్వు నడిపిన దానికీ, ఇందులో రాసిన దానికీ పొంతన లేదు. నీకు రికార్డుకి సున్నా" అన్నారు.

లేచి బయటికి వచ్చాను.

బయట చెప్పులు వెతుక్కుంటుంటే మేడం నా వెనకే వచ్చారు.

"ఆ పొద్దు నేను లీవులో లేను కదమ్మా" అన్నారు మెల్లగా.

"లేరు మేడం. అదంతా నేను కావాలని చేసిందే. క్షమించండి."

తిడతారనుకున్నాను. "సంతకం నాది. చూసుకోవాల్సింది నేను" అని, కొంగుతో కళ్ళు ఒత్తుకుని లోపలికి వెళ్ళిపోయారు. తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను.

మెట్ల దగ్గర నా స్నేహితురాలు కాచుకుని ఉంది. క్లాసందరికీ రికార్డుకి పూర్తి మార్కులనీ, నాకొక్కదానికే సున్నా అనీ అప్పటికే పాకిపోయింది. అది నా భుజం మీద చెయ్యి వేసి, నిజమైన జాలితో అంది:

"ఏడవాకమే. ఈసారి నుంచి నా రికార్డు ఇస్తా, చూసి సరిగ్గా రాసుకో."